మాల తీసేశాక కూడా: టెన్షన్ల మధ్య దేవుణ్ణి మరవకుండా ఉండే సాధన

కొన్నేళ్ల కిందట కార్తీక మాసంలో మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నాను. నలభై ఒక్క రోజులు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నల్ల బట్టలు, చెప్పుల్లేని కాళ్లు, చాప మీద పడక, ఒంటిపూట భిక్ష. నేను పనిచేసేది బ్యాంకులో, క్యాష్ కౌంటర్లో. ఆ నలభై ఒక్క రోజులూ కౌంటర్ ముందు క్యూ తగ్గలేదు. సర్వర్ మొరాయించడం ఆగలేదు. సాయంత్రం లెక్క తేలక ఆలస్యమయ్యే రోజులూ ఉన్నాయి. అయినా స్వామి పక్కనే ఉన్నాడన్న భావం పొద్దున్నుంచి రాత్రి దాకా నన్ను వదల్లేదు.

శబరిమల వెళ్లి, ఇరుముడితో పద్దెనిమిది మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని ఇంటికొచ్చాను. అమ్మ మాల తీసింది. సరిగ్గా ఐదో రోజు, పాస్‌బుక్‌లో ప్రింట్ సరిగా పడలేదని మూడోసారి కౌంటర్ దగ్గరికొచ్చిన ఒక పెద్దాయన మీద గట్టిగా అరిచాను. ఆయన తిరిగి ఒక్క మాట అనలేదు. పాస్‌బుక్ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఐదు రోజుల్లో ఏం మారిపోయింది? స్వామి కొండ మీదే ఉండిపోయాడా? అలాగైతే ఆ నలభై ఒక్క రోజులూ నా కౌంటర్ దగ్గరున్నది ఎవరు?

ఆలోచిస్తే ఒక సంగతి తెలిసింది. దీక్షలో నన్ను మరవనివ్వనివి చాలా చిన్న చిన్నవి. నోట్ల కట్ట కోసం వంగినప్పుడల్లా మెడకు తగిలే మాల. అరికాలికి తెలిసే గచ్చు చల్లదనం. టీ తెచ్చే కుర్రాడి నుంచి మేనేజర్ దాకా అందరూ "స్వామీ" అని పిలవడం. రోజుకు ఏ యాభైసార్లో ఎవరో ఒకరు, ఏదో ఒకటి నాకు గుర్తుచేస్తూనే ఉండేవారు. అదంతా నా భక్తి అనుకున్నాను. నిజానికి ఆ గుర్తులే నన్ను మోశాయి. మాలతోపాటు అవన్నీ ఒక్కరోజులో పోయాయి, నేను మళ్లీ పాత మనిషినయ్యాను.

మరి ఏడాది పొడవునా మాల వేసుకోలేం. ఉద్యోగం, పిల్లల చదువులు, ఈఎంఐలు, ఇంట్లో పెద్దవాళ్ల అనారోగ్యాలు ఉన్న మామూలు రోజులకు సరిపడే గుర్తులు మనమే పెట్టుకోవాలి. అప్పటి నుంచి నేను చేసి చూసినవాటిలో నిలబడినవి ఇక్కడ మెట్టు తర్వాత మెట్టుగా రాస్తున్నాను. మీ ఇష్టదైవం ఎవరైనా సరే. మీరు ప్రభువా అని పిలిచేవారైనా, అల్లా అని తలచుకునేవారైనా, ఇందులో చాలా భాగం మీకూ పనికొస్తుంది.

మొదలుపెట్టే ముందు

దేవుడు దగ్గరున్నాడని తెలియడమంటే ఒళ్లు పులకరించడం, కళ్లలో నీళ్లు రావడం అని చాలామంది అనుకుంటారు. అవి వస్తే మంచిదే. రాకపోయినా లోటు లేదు. పిల్లాడు హాల్లో ఆడుకుంటూ ఉంటాడు, అమ్మ వంటింట్లో ఉంటుంది. మధ్యమధ్య "అమ్మా" అని కేకేస్తాడు. "ఊఁ" అని వినపడితే చాలు, మళ్లీ ఆటలో పడిపోతాడు. వాడు అమ్మ గురించి ధ్యానమేమీ చేయడం లేదు. అమ్మ ఉందని వాడికి తెలుసు, అంతే. మనం సాధించాలనుకుంటున్నది ఆ పాటి ఎరుకనే.

ఇంకో మాట. "ఈ టెన్షన్లు కాస్త తగ్గనీ, అప్పుడు ప్రశాంతంగా కూర్చుంటాను" అని నేను పదేళ్లు వాయిదా వేశాను. గీత ఎనిమిదో అధ్యాయం ఏడో శ్లోకంలో కృష్ణుడు అర్జునుడితో అన్నది "మామనుస్మర యుధ్య చ" అని. నన్ను తలచుకో, యుద్ధమూ చెయ్యి. రెండూ ఒకే ఊపిరిలో చెప్పాడు. యుద్ధం అయ్యాక తలచుకోమనలేదు. యుద్ధం వదిలేసి తలచుకోమనీ అనలేదు. చెప్పింది కూడా ఆశ్రమంలో కూర్చుని కాదు, రెండు సైన్యాల మధ్య రథం మీద. మన టెన్షన్ల మధ్యలోనే ఈ పని మొదలుపెట్టొచ్చని నాకు ధైర్యమిచ్చింది ఆ ఒక్క పాదమే.

మొదటి మెట్టు: ఒకే పేరు

ఒక నామం ఎంచుకోండి. ఒక్కటే. పొట్టిదైతే మేలు, ఒక ఊపిరిలో పలకగలగాలి. స్తోత్రాలు, అష్టోత్తరాలు మీ పూజలో మీరు చదువుకోండి. ఇది వేరే. క్యూలో నిలబడి, బస్సులో వేలాడుతూ, బాస్ తిడుతుండగా లోపల పలుకుకోవాల్సిన మాట ఇది.

ఏది ఎంచుకోవాలో తెలియకపోతే ఒక ఉపాయం చెబుతాను. ఈమధ్య మీ బండికి ఎవరైనా అడ్డం వచ్చినప్పుడు, చేతిలోంచి ఫోన్ జారినప్పుడు నోట్లోంచి ఏం వచ్చింది? "రామా" అనా? "అమ్మా" అనా? "నరసింహా", "గోవిందా", "సాయీ"? ఆలోచించే వ్యవధి లేనప్పుడు వచ్చిన మాట అది. చిన్నప్పుడు ఏ అమ్మమ్మో నాయనమ్మో మీ లోపల వేసిన విత్తనం. దాన్నే పట్టుకోండి. పుస్తకంలో చూసి కొత్తగా తెచ్చుకున్న మంత్రం కంటే కష్టంలో అదే ముందొస్తుంది.

వారానికొకటి మార్చకండి. మా నాన్న తరం వాళ్లు ఉత్తరం రాసినా, చాకలి పద్దు రాసినా పైన "శ్రీరామ" అని రాసేవాళ్లు. ఏళ్ల తరబడి అదే పేరు. అలా అరిగేకొద్దీ పేరు మనదవుతుంది.

రెండో మెట్టు: పేరును పనులకు ముడివేయడం

ఈ మార్గదర్శిలో ఒక్కటే చేయగలను అనుకునేవాళ్లు దీన్ని చేయండి. మాల చేసిన పని ఇదే చేస్తుంది.

"రోజంతా దేవుణ్ణి తలచుకుంటాను" అని సంకల్పం చేసుకుంటే మధ్యాహ్నానికి మర్చిపోతాం. అలా కాకుండా, ఎలాగూ రోజుకు ఐదారుసార్లు జరిగి తీరే పనిని ఒకటి తీసుకోండి. దానికి నామాన్ని ముడివేయండి. పోతన భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుణ్ణి వర్ణిస్తూ ఏం చెప్పాడో గుర్తుందా? నీళ్లు తాగుతూ, అన్నం తింటూ, మాట్లాడుతూ, నవ్వుతూ, నిద్రపోతూ, తిరుగుతూ ఆ పిల్లాడు నారాయణుడి పాదాల తలపులోనే ఉన్నాడట. ఆ జాబితాలో ఒక్కటైనా ప్రత్యేకమైన పని ఉందా? అన్నీ మనం రోజూ చేసేవే. బడిలో చండామార్కుల బెత్తం, ఇంట్లో తండ్రి కోపం మధ్య పెరిగిన పిల్లవాడు తన స్మరణను నీళ్ల చెంబుకు, అన్నం ముద్దకు ముడివేసుకున్నాడు. నాకు ఆ పద్యం అలా అర్థమైంది.

నా ముళ్లు మూడు. ఒకటి, పొద్దున కౌంటర్లో కుర్చీ లాక్కుని కూర్చునేటప్పుడు. రెండు, ఫోన్ మోగగానే ఎత్తకుండా రెండో రింగు దాకా ఆగి, ఆ మధ్యలో ఒక్కసారి నామం. మూడు, నీళ్ల సీసా మూత తిప్పేటప్పుడు. వీటిలో ఫోన్ ముడి నన్ను బాగా మార్చింది. అంతకుముందు ఫోన్ మోగితేనే గుండె దడ వచ్చేది. రికవరీ గురించో, టార్గెట్ గురించో పైనుంచి వచ్చే ఫోన్లు అవి. ఇప్పుడూ ఆ ఫోన్లే వస్తాయి. కాని ఆ రింగే నాకు గుడి గంటలాంటిదైంది.

మా ఆవిడది ఇంకో పద్ధతి. కుక్కర్ కూత వేసినప్పుడల్లా "గోవిందా" అంటుంది. పప్పుకు మూడు కూతలు, మూడు గోవిందలు. పిల్లల బాక్సులు, నా టిఫిను, అత్తగారి మందులు అన్నీ ఒకేసారి మీద పడే పొద్దున ఏడున్నరప్పటి హడావిడిలో తనకు దొరికిన పూజ అదేనంటుంది.

మీవి మీరు వెతుక్కోండి. బండి తాళం తిప్పడం, లిఫ్ట్ కోసం ఆగడం, సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు, కంప్యూటర్లో పాస్‌వర్డ్ కొట్టడం. ఇక్కడ ఒక జాగ్రత్త: పాస్‌వర్డ్‌గానే ఇష్టదైవం పేరు పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. బ్యాంకులో ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అది సులభంగా ఊహించగలిగేది, వద్దు. కొడుతూ మనసులో అనుకోండి చాలు.

మొదటి పది రోజులు ఒక్క ముడే. అది దానంతటదే పలకడం మొదలయ్యాక రెండోది. ఉత్సాహంలో మొదటిరోజే పది ముళ్లు వేస్తే పదీ ఊడిపోతాయి. మర్చిపోయి కూర్చున్నాక, సగం నీళ్లు తాగేశాక గుర్తొచ్చిందా? అప్పుడే అనుకోండి. ఆలస్యంగా గుర్తు రావడం కూడా గుర్తు రావడమే.

మూడో మెట్టు: ఫోన్ కంటే ముందు

దీని గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. కళ్లు తెరవగానే అరచేతులు చూసుకోవడం, కాలు కింద పెట్టేముందు భూమికి దణ్ణం పెట్టుకోవడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే. ఇప్పుడు ఆ అరచేతిలోకి నిద్ర కళ్లతోనే ఫోన్ వచ్చి కూర్చుంది. ఆఫీసు గ్రూపులో రాత్రి వచ్చిన మెసేజ్ చూసి పక్క మీదే టెన్షన్ మొదలవుతుంది.

ఫోన్ వేరే గదిలో చార్జింగ్ పెట్టండి. అలారం కోసం మామూలు గడియారం కొనుక్కోండి. లేచాక నాలుగు నిమిషాలు మంచం అంచున కూర్చుని, ఆ రోజు మీరు భయపడుతున్న ఒక్క పనిని పేరు పెట్టి స్వామికి చెప్పండి. "పదకొండింటికి ఆడిట్ వాళ్లు వస్తారు. నాకు భయంగా ఉంది. నాతో రా." ఇంతే. స్నానం చేశాక దీపం, పూజ మీ వీలు.

నాలుగో మెట్టు: టెన్షన్ వచ్చి మీద పడిన క్షణంలో

అసలు పరీక్ష ఇక్కడ. మిగతా మెట్లన్నీ దీనికోసమే.

ఒక మార్చి నెలాఖరు సంగతి చెబుతాను. సాయంత్రం క్యాష్ లెక్క చూస్తే 4,500 రూపాయలు తక్కువ. రెండుసార్లు లెక్కపెట్టాను. తక్కువే. చెవులు వేడెక్కాయి, చేతులకు చెమట పట్టింది. మనసు వెంటనే ఒక మనిషి మీదికి పోయింది. మధ్యాహ్నం నోట్ల కట్టలు సర్దడానికి సాయం చేసిన అటెండర్ మీదికి. నోటిదాకా వచ్చింది మాట.

అప్పుడు చేసినది ఇది. చెప్పులు విప్పి రెండు అరికాళ్లూ నేలకు ఆనించాను. దీక్ష రోజుల్లో కాళ్లకు తెలిసిన చల్లదనం మళ్లీ తెలిసింది. ఊపిరి మామూలుగా పీల్చి, వదిలేటప్పుడు మాత్రం నెమ్మదిగా, పీల్చినదానికి రెట్టింపుసేపు వదిలాను. వదులుతూ లోపల నామం. అలా ఐదారుసార్లు. ఊపిరి నెమ్మదిగా వదిలితే గుండె వేగం కాస్త తగ్గుతుంది, ఒంటి స్వభావమే అది. తర్వాత జరుగుతున్నది జరుగుతున్నట్టుగా చెప్పాను. "స్వామీ, డబ్బు తక్కువొచ్చింది. నాకు భయంగా ఉంది. ఒక మనిషిని అనుమానిస్తున్నాను. నువ్విక్కడే ఉన్నావు." కాపాడమని అడగలేదు. ఉన్నావు అని మాత్రమే అన్నాను.

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తల కాస్త చల్లబడగానే ఒక పాత ఆఫీసరుగారు నేర్పిన సూత్రం గుర్తొచ్చింది. తేడా తొమ్మిదితో భాగించబడితే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయేమో చూడు అని. నాలుగు వేల ఐదు వందలు తొమ్మిదితో పోతుంది. వోచర్లు ఒక్కొక్కటే తీశాను. 7,200 ఇచ్చి 2,700 అని ఎక్కించిన విత్‌డ్రాయల్ దొరికింది. ఎక్కించింది నేనే. అటెండర్ గోడకానుకుని టీ తాగుతున్నాడు. నేను అతన్ని ఏమనబోయానో అతనికి ఎప్పటికీ తెలియదు.

స్వామిని తలచుకుంటే డబ్బు దొరుకుతుందని మీరు అనుకోకూడదు కాబట్టి ఇంకో రోజు సంగతీ చెప్పాలి. ఆ తర్వాతి ఏడాది 2,000 తక్కువొచ్చింది. అదే పద్ధతి, అదే నామం. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెతికాం, దొరకలేదు. నా జేబులోంచి కట్టాను. బండి మీద ఇంటికొస్తుంటే బాధగానే ఉంది. కాని ఒంటరిగా లేనన్న సంగతి ఆ రాత్రీ తెలిసింది. రెండు రోజుల్లోనూ ఆయన ఉన్నాడు, ఒక రోజు లెక్క కుదిరింది, ఒక రోజు కుదరలేదు.

కాబట్టి క్రమం ఇది: అరికాళ్లు నేలకు. ఊపిరి నెమ్మదిగా బయటికి, దానితో నామం. ఉన్నదున్నట్టు రెండు మాటలు, చివర "నువ్విక్కడే ఉన్నావు". తర్వాత వెంటనే చేయాల్సిన పనిలో మొదటి ముక్క. ఈ చివరిది వదిలేయకండి. నామం పేరుతో పని నుంచి తప్పుకుంటే అది స్మరణ కాదు, మన భయానికి ముసుగు. మొదట్లో పెద్ద గండాల మీద ప్రయోగించకండి. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, నెట్ రానప్పుడు, పిల్లాడు హోంవర్కు రాయనని మారాం చేసినప్పుడు అలవాటు చేసుకుంటే పెద్దది వచ్చినప్పుడు చేయి దానంతటదే అందుకుంటుంది.

ఐదో మెట్టు: ఫిర్యాదు చేయండి

భక్తులు దేవుడితో మర్యాదగానే మాట్లాడాలని మనలో చాలామందికి ఒక నమ్మకం. కోపం వస్తే పూజగది వైపు వెళ్లడం మానేస్తాం. నాన్న పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నప్పుడు నేనూ అదే చేశాను. మొదటి రెండు రోజులు విపరీతంగా మొక్కుకున్నాను. మూడోరోజు పరిస్థితి ఇంకా విషమించగానే నోరు మూసుకున్నాను. నామం లేదు, ఏమీ లేదు. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద రాయిలా కూర్చున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది గోల్కొండ కోటలో చూసిన రామదాసు చెర. కంచర్ల గోపన్నను బంధించిన ఆ చీకటి గదిలో గోడ మీద చెక్కిన రాముడి బొమ్మలు ఇప్పటికీ చూడొచ్చు. భద్రాచలంలో గుడి కట్టించినందుకే చెరలో పడ్డ మనిషి ఆయన. అక్కడినుంచి పాడిన కీర్తనల్లో ఆయన రాముడికి లెక్క అప్పజెప్పాడు. సీతమ్మకు చింతాకు పతకం చేయించాను, దానికింత అయింది, ఇదెవరి సొమ్మనుకుని తిరుగుతున్నావు అని నిలదీశాడు. ఎదురుగా లేనివాణ్ణి ఎవరూ అలా నిలదీయరు. ఆ కోపంలోనే తెలుస్తోంది రాముడు ఆయనకు ఎంత దగ్గరగా ఉన్నాడో.

అనుమానం కూడా అంతే. మొసలి పట్టులో అలసిపోయిన గజేంద్రుడు, పోతన చెప్పినట్టు, ఉన్నాడంటున్న వాడు అసలు ఉన్నాడో లేడో అని అన్నాడు. ఆ మాట ప్రార్థన మధ్యలోనే అన్నాడు. అలా అన్నందుకు విష్ణువు రాకుండా ఉండలేదు.

చేయాల్సింది కష్టమేమీ కాదు. మేడ మీదో, ఆపిన బండి మీదో ఐదు నిమిషాలు ఒంటరిగా దొరికే చోటు చూసుకోండి. నోరు తెరిచి, చిన్న గొంతుతోనైనా బయటికి, మీ ఇంటి భాషలో మాట్లాడండి. నువ్వు అనే పిలవండి. గ్రాంథికం వద్దు. "ఎందుకిలా చేశావు" అనాలనిపిస్తే అనండి. ఏడుపొస్తే ఆపుకోవద్దు. చెప్పాల్సింది అయిపోయాక వెంటనే లేచి రాకండి, రెండు నిమిషాలు మాట లేకుండా కూర్చోండి. జవాబు వినిపిస్తుందని కాదు. ఇంట్లో మనిషితో పోట్లాడాక కూడా కాసేపు ఒకే గదిలో ఉంటాం కదా, అలా.

ఐసీయూ బయట ఆ రోజు నేను అన్న మాటలు ఇక్కడ రాయలేను. అన్నాక మాత్రం మళ్లీ నామం పలికింది. నాన్న ఇంటికొచ్చారు, రెండేళ్లున్నారు.

ఆరో మెట్టు: ఎదుటి మనిషిని లోపల "స్వామీ" అని పిలవడం

దీక్షలో నాకు అన్నిటికంటే విచిత్రంగా తోచినది ఈ పిలుపు. కన్నతల్లి కొడుకును స్వామీ అంటుంది. కొడుకు ఆటో అతన్నీ, వాచ్‌మన్‌నూ, తిట్టే మేనేజర్‌నూ స్వామీ అంటాడు. "స్వామీ, మీరు చేసింది తప్పు స్వామీ" అని గొడవ పెట్టుకోవడం ఎంత కష్టమో ప్రయత్నిస్తేగాని తెలియదు. సన్నిధానంలో గుడి ముందు "తత్త్వమసి" అని రాసి ఉంటుంది. అది నీవే అని. నలభై రోజులు ఎదురైన ప్రతివాణ్ణీ స్వామీ అని పిలిచి, అంత దూరం నడిచి వెళ్లిన మనిషికి పైన కనపడే మాట అది.

మాల లేనప్పుడు బయటికి అలా పిలిస్తే జనం వింతగా చూస్తారు. లోపల పిలవండి. ఎవరైనా ఎదురుగా వచ్చి నోరు తెరిచేలోపు, ఆ అర క్షణంలో. రోజుకు ముగ్గురితో మొదలుపెట్టండి, అదీ సులువైన వాళ్లతో: కూరగాయల బండి ఆవిడ, పేపరబ్బాయి, పక్క సీటు మనిషి. మీకు అస్సలు పడని మనిషి దగ్గరికి చివర వెళ్లండి, నెల దాటాక.

దీన్ని పట్టుకుని అన్యాయాన్ని భరించమని మాత్రం నేను చెప్పను. ఇంట్లో కొట్టే మనిషిలో, ఆఫీసులో వేధించే మనిషిలో దేవుణ్ణి చూస్తూ ఊరుకోమనడం పాపం. ఫిర్యాదు చేయండి, పోలీసుల దగ్గరికి వెళ్లండి, అక్కడినుంచి బయటపడండి. మీలోనూ ఆయనే ఉన్నాడు, ఆ గుడిని కాపాడుకునే బాధ్యత మీదే.

నేను అరిచిన పెద్దాయన మళ్లీ నవంబరులో వచ్చారు. ప్రతి ఏడాదీ ఆ నెలలో చాలామంది పింఛనుదారులు బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వాలి. ఆయన బొటనవేలు యంత్రంలో పడలేదు. వయసు మీద పడి, పని చేసి చేసి గీతలు అరిగిపోయాయి. వెనక క్యూ పెరుగుతోంది. లోపల "స్వామీ" అనుకున్నాను. తువ్వాలుతో ఆయన చేయి తుడిచి, ఉంగరం వేలు పెట్టించి, నా వేలితో మెల్లగా అదిమి పట్టాను. నాలుగోసారికి పడింది. జనవరిలో అరిచింది నేనేనని, క్షమించమని చెప్పాను. ఆయనకు గుర్తే లేదు. "పనిలో ఉంటారు కదయ్యా" అన్నారు.

ఏడో మెట్టు: రాత్రి లెక్క

క్యాష్ కౌంటర్ మూయకుండా ఎవరూ ఇంటికి వెళ్లరు. రోజును మాత్రం మూయకుండానే నిద్రపోతాం. పడుకునే ముందు ఒక చిన్న నోటు పుస్తకంలో రెండు వాక్యాలు రాయండి: ఇవాళ స్వామి ఎక్కడ గుర్తొచ్చాడు, ఎక్కడ అస్సలు గుర్తు రాలేదు. రెండోది రాసేటప్పుడు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. వారం తిరిగేసరికి మీరు మర్చిపోయే చోటు ఒకే చోటని కనిపిస్తుంది. నాకది మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు. అంటే కొత్త ముడి అక్కడ వేయాలన్నమాట.

మనసు గిరగిరా తిరుగుతూ నిద్ర పట్టని వాళ్లకు రామకోటి మంచి మందు. అమ్మ పాతికేళ్లుగా రాస్తోంది. పుస్తకం నిండాక భద్రాచలం వెళ్లేవాళ్లకిచ్చి పంపుతుంది. కోటి పూర్తి చేయాలనే లెక్క మీకు అక్కర్లేదు, ఒక పేజీ చాలు. కళ్లు మూసుకుని కూర్చుంటే రేపటి గొడవలన్నీ ముసురుతాయి. చేయి రాస్తుంటే, కన్ను చూస్తుంటే మనసుకు పట్టుకోడానికి ఏదో ఒకటి ఉంటుంది.

అడ్డంకులు

స్నానం చేయలేదు, మడి లేదు, నెలసరి, బస్సులో ఉన్నాను, మాంసం తిన్నాను అని నామం ఆపేసేవాళ్లున్నారు. పూజకు, దీక్షకు మీ ఇంటి నియమాలు మీవి. నామస్మరణకు నియమం లేదని మన పెద్దలు ఎప్పటినుంచో చెబుతున్నదే. మొసలి నోట్లో ఉన్న గజేంద్రుడు ఏ మడి కట్టుకున్నాడు?

యాంత్రికంగా అయిపోతోంది, ఏ భావమూ కలగడం లేదు అని మూడో వారంలో అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కొనసాగించండి. మనసు ఎటు పారిపోతే అటునుంచి మళ్లీ తెచ్చుకోమని గీత ఆరో అధ్యాయం చెబుతుంది. పారిపోకూడదని చెప్పలేదు. తెచ్చుకోవడమే సాధన.

ఇంకొకటి, ఇది ముఖ్యం. వారాల తరబడి నిద్ర లేకపోయినా, గుండె దడ పదేపదే వస్తున్నా, బతకాలనిపించకపోయినా దాన్ని భక్తి తక్కువ కావడం అనుకోకండి. డాక్టరును కలవండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రం నంబరు 14416. ఉచితం, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మందు బిళ్ల వేసుకునేటప్పుడు కూడా నామం పలుకుకోవచ్చు. నాన్న అలాగే వేసుకునేవారు.

మాల లేని మండలం

నలభై ఒక్క రోజులు పెట్టుకోండి. మన ఇళ్లలో అందరికీ అలవాటైన లెక్క అది. ఎవరికీ చెప్పక్కర్లేదు, బట్టలు మార్చక్కర్లేదు.

మొదటి పది రోజులు ఒక నామం, ఒక ముడి, రాత్రి రెండు వాక్యాలు. పదకొండో రోజు నుంచి ఫోన్ వేరే గదిలోకి వెళ్లాలి, రెండో ముడి పడాలి, చిన్న చిన్న చిరాకుల మీద నాలుగో మెట్టు అలవాటు చేసుకోవాలి. ఇరవై ఒకటో రోజు దాటాక వారానికొకసారి మేడ మీదికెళ్లి ఫిర్యాదు, రోజుకు ముగ్గురు మనుషులు. చివరి పది రోజులు కొత్తగా ఏమీ చేర్చకండి, ఉన్నవాటిలో ఏవి ఊడిపోయాయో చూసి బిగించుకోండి. మధ్యలో నాలుగు రోజులు పూర్తిగా పోయినా మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్కపెట్టకండి, ఆగినచోటినుంచే నడవండి.

నలభై రెండో రోజున తీయడానికి మెడలో ఏమీ ఉండదు. ఆ ఉదయం నోటు పుస్తకం తెరిచి మొదటి రాత్రి రాసింది, నిన్న రాసింది పక్కపక్కన పెట్టి చదవండి. తర్వాత టిఫిన్ తినేసి ఆఫీసుకు వెళ్లండి. కుర్చీ లాక్కునేటప్పుడు పేరు వస్తుంది.